వేగంగా బరువు తగ్గాక వచ్చే పొట్టనొప్పి 'గ్యాస్' కాకపోవచ్చు

3 నెలల్లో 20 కిలోలు తగ్గిన వ్యక్తికి ఒక రాత్రి విందు భోజనం తర్వాత పొట్ట పైభాగంలో గట్టి నొప్పి వచ్చిందనుకుందాం. ఇంట్లో అందరి నోటా వచ్చే మొదటి మాట 'గ్యాస్'. కాస్త వాము నమిలిస్తారు, సోడా తాగిస్తారు, ఒక యాంటాసిడ్ మాత్ర ఇస్తారు. రెండు గంటలకు నొప్పి తగ్గుతుంది; మాత్ర పనిచేసిందన్న నమ్మకం కుదురుతుంది. ఆ నొప్పి పిత్తాశయానిదైతే, మాత్ర వేసుకోకపోయినా అది దాదాపు అంతసేపటికే తగ్గి ఉండేది. పిత్తాశయంలోని రాళ్లు నెలల తరబడి బయటపడకుండా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

బరువు తగ్గించుకునే మార్గాలు దేశంలో ఇటీవల పెరిగాయి. టిర్జెపటైడ్ ఇంజెక్షన్ 2025 మార్చిలో మౌంజారో పేరుతో, సెమాగ్లుటైడ్ అదే ఏడాది జూన్‌లో వెగోవీ పేరుతో భారత విపణిలోకి వచ్చాయి. బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు, రోజుకు 800 కిలోకేలరీలకు మించని కఠిన ఆహార నియమాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. మార్గం ఏదైనా, వారానికి సుమారు 1.5 కిలోలకు మించి తగ్గుతున్నవారిలో పిత్తాశయ రాళ్ల ముప్పు పెరుగుతుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. ఊబకాయం కూడా ఈ రాళ్లకు కారణమే కనుక, బరువు తగ్గవద్దని దీని అర్థం కాదు. చిక్కంతా వేగంతోనే.

కొవ్వు కరిగేటప్పుడు జరిగేది

పిత్తాశయం కుడివైపు పక్కటెముకల దిగువన, కాలేయానికి అడుగున ఉండే చిన్న సంచి. కాలేయం తయారుచేసిన పిత్తరసాన్ని చిక్కబరచి 30 నుంచి 50 మిల్లీలీటర్ల వరకు నిల్వ ఉంచుతుంది. కొవ్వు ఉన్న ఆహారం చిన్నపేగును చేరినప్పుడు కోలెసిస్టోకైనిన్ అనే హార్మోను వెలువడుతుంది. దాని ప్రభావంతో సంచి ముడుచుకుని పిత్తరసాన్ని పేగులోకి వదులుతుంది.

శరీరంలోని కొవ్వు వేగంగా కరుగుతున్నప్పుడు అందులోని కొలెస్టరాల్ కాలేయాన్ని చేరి, అక్కడి నుంచి పిత్తరసంలో కలుస్తుంది. పిత్తరసం కరిగించుకోగలిగిన దానికంటే అది ఎక్కువైతే సన్నని స్ఫటికాలుగా విడిపోతుంది. సరిగ్గా ఈ సమయంలోనే చాలామంది నూనె, నెయ్యి పూర్తిగా మానేస్తారు. కొవ్వు అందకపోతే సంచి సరిగా ముడుచుకోదు. కదలని పిత్తరసంలో మడ్డి పేరుకుంటుంది, మడ్డి రాయిగా మారుతుంది. ఇదంతా కొన్ని వారాల్లోనే జరగవచ్చు. రోజుకు రెండు మూడు గ్రాముల కొవ్వే ఉన్న ఆహారంతో పోలిస్తే, కనీసం ఒక పూట 10 గ్రాముల మేర కొవ్వు ఉన్న ఆహారం తీసుకున్నవారిలో రాళ్లు తక్కువగా ఏర్పడినట్టు కొన్ని చిన్న అధ్యయనాలు చూపాయి. 10 గ్రాములంటే రెండు చిన్న చెంచాల నూనె. కొవ్వును శత్రువుగా చూసే ఆహార ప్రణాళికలు ఈ సంగతిని తరచుగా విస్మరిస్తాయి.

ఇంజెక్షన్ల విషయంలో మరో అంశం ఉంది. ఈ తరగతి మందులు సంచి ముడుచుకునే చర్యనే కొంత మందగింపజేస్తాయి. 76 క్లినికల్ పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2022లో ప్రచురితమైంది. జీఎల్‌పీ-1 మందులు వాడినవారిలో పిత్తాశయ, పిత్తనాళ వ్యాధుల ముప్పు 37 శాతం ఎక్కువని, బరువు తగ్గడం కోసం వాడిన సందర్భాల్లో అది రెట్టింపునకు మించిందని ఆ విశ్లేషణ తేల్చింది. అయితే ఏడాదికి 10,000 మందిలో అదనంగా కనిపించినవి 27 కేసులు. భయపడి మందు మానేయాల్సిన సంఖ్య కాదది; నొప్పి వస్తే తేలిగ్గా కొట్టిపారేయాల్సిన సంఖ్య కూడా కాదు.

నొప్పిని ఎలా గుర్తించాలి

వైద్యులు దీన్ని 'బిలియరీ కోలిక్' అంటారు. కోలిక్ అంటే ఆగి ఆగి మెలిపెట్టే నొప్పి. పిత్తాశయం నొప్పి సాధారణంగా అలా ఉండదు, కనుక ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. అది క్రమంగా పెరిగి, ఒక స్థాయికి చేరి, అక్కడే నిలకడగా ఉంటుంది. రొమ్ము ఎముక దిగువన గానీ, కుడివైపు పక్కటెముకల కింద గానీ మొదలై, వీపులోకో కుడి భుజం రెక్క కిందికో పాకుతుంది. వికారం, వాంతి తోడవుతాయి. భోజనం చేసిన కొంతసేపటికి లేదా అర్ధరాత్రి నిద్రలో రావడం దీని అలవాటు. కనీసం అరగంట, ఒక్కోసారి నాలుగైదు గంటలు ఉంటుంది. తేన్పు వచ్చినా, విరేచనమైనా, పక్కకు తిరిగి పడుకున్నా తగ్గదు. గ్యాస్ నొప్పికీ దీనికీ తేడా తెలిసేది ఇక్కడే. తర్వాత రోజులో వారాలో ఏమీ ఉండదు, మళ్లీ ఒక రాత్రి వస్తుంది.

పొట్ట పైభాగంలో నొప్పి గుండెపోటుకు కూడా సంకేతం కావచ్చు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే పిత్తాశయం గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి.

నొప్పి ఆరు గంటలు దాటినా, జ్వరం వచ్చినా, పొట్ట కుడివైపు తాకనివ్వకపోయినా పిత్తాశయం వాచి ఉండవచ్చు. రాయి పిత్తనాళంలోకి జారితే కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, మలం పాలిపోతుంది, ఒళ్లంతా దురద పుడుతుంది. వీటికి చలిజ్వరం తోడైతే నాళంలో ఇన్‌ఫెక్షన్ సోకిందని అనుమానించాలి. నొప్పి వీపులోకి దూసుకుపోయి, వాంతులు ఆగక, ముందుకు వంగితే కాస్త ఉపశమనం అనిపిస్తే అది క్లోమగ్రంథి వాపు కావచ్చు. ఈ పరిస్థితులు ప్రాణాంతకం కాగలవు; ఆసుపత్రికి అదే రోజు చేరాలి. వృద్ధుల్లో, మధుమేహం ఉన్నవారిలో నొప్పి, జ్వరం అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు.

పసరు మందు, రాళ్ల 'శుద్ధి'

మన భాష కూడా ఈ వ్యాధిని కొంత మరుగుపరుస్తోంది. పిత్తం నుంచి పుట్టిన 'పైత్యం' అన్న మాట వాడుకలో తల తిరగడానికీ, వికారానికీ, చివరకు మనిషి వింత ధోరణికీ స్థిరపడింది గానీ, అసలు అవయవానికి దూరమైంది. గాల్ బ్లాడర్ అనగానే మూత్రాశయం అనుకునేవారూ ఉన్నారు. 'రాళ్లు' అన్న మాట వినగానే అరటి దూట రసం, కొండపిండి ఆకు కషాయం గుర్తుకు వస్తాయి. అవి మూత్రపిండాల రాళ్లకు వాడుకలో ఉన్నవి. మూత్రం ఎంత జారీ అయినా పిత్తాశయంలోని రాయి కదలదు, ఎందుకంటే ఆ రెండింటి దారులు వేరు.

అంతకంటే ప్రమాదకరమైనది పసరు మందు. కామెర్లు కనిపించగానే పసరు పోయించడం తెలుగు పల్లెల్లో ఇప్పటికీ ఉంది. నాళానికి రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లలో పసరు కోసం గడిపే నాలుగు రోజులు ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకేంత సమయం. ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే రాళ్లు మలంలో పడిపోతాయన్న 'శుద్ధి' చిట్కా కూడా ప్రచారంలో ఉంది. అలా పడిన ఆకుపచ్చ ఉండలను పరీక్షించిన వైద్యులు, అవి ఆ నూనె పేగుల్లో సబ్బులా గట్టిపడి ఏర్పడినవేనని 2005లో 'లాన్సెట్' పత్రికలో నివేదించారు.

పరీక్ష, చికిత్స

పిత్తాశయంలోని రాళ్లను గుర్తించడానికి ఖాళీ కడుపుతో చేసే అల్ట్రాసౌండ్ స్కాన్ చాలు. మామూలు ఎక్స్‌రేలో వీటిలో అధిక భాగం కనిపించవు. నాళంలో రాయి ఉందన్న అనుమానం ఉంటే కాలేయ రక్తపరీక్షలు, ఎంఆర్‌సీపీ స్కాన్ అవసరమవుతాయి. స్కాన్‌లో రాళ్లు కనిపించినా ఎన్నడూ నొప్పి లేనివారికి సాధారణంగా శస్త్రచికిత్స అక్కర్లేదు. నొప్పి వచ్చినవారికి మాత్రం అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక, లాప్రోస్కోపీ ద్వారా పిత్తాశయాన్ని తొలగించడమే ప్రామాణిక చికిత్స. సంచి లేకపోయినా పిత్తరసం కాలేయం నుంచి నేరుగా పేగులోకి చేరుతుంది, జీర్ణక్రియ సాగుతుంది.

రాళ్లు ఏర్పడకుండా అడ్డుకునే మందు కూడా ఉంది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నవారిపై జరిపిన ఒక అమెరికా అధ్యయనం 1995లో వెలువడింది. అందులో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 32 శాతం మందికి 6 నెలల్లో రాళ్లు ఏర్పడగా, రోజుకు 600 మిల్లీగ్రాముల అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో 2 శాతం మందికే ఏర్పడ్డాయి. ఆ 32 శాతం మందిలో అందరికీ నొప్పి రాదన్నది గమనార్హం. శస్త్రచికిత్స తర్వాతి కొన్ని నెలల పాటు దీన్ని ఇవ్వాలా వద్దా అన్నది వైద్యుడు నిర్ణయించాలి.

రోగి చేయగలిగిందీ ఒకటి ఉంది. నొప్పితో వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు ఎన్ని వారాల్లో ఎన్ని కిలోలు తగ్గారో, ఏ ఇంజెక్షన్ వాడుతున్నారో, నొప్పి ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు తగ్గిందో చెప్పాలి. బరువు తగ్గడాన్ని జబ్బుగా ఎవరూ భావించరు కాబట్టి చాలామంది ఆ సంగతే చెప్పడం మరచిపోతారు. స్కాన్‌లో ఇదివరకే రాళ్లు బయటపడినవారు ఆ రిపోర్టును కఠిన ఆహార నియమం గానీ ఇంజెక్షన్ గానీ మొదలుపెట్టక ముందే వైద్యునికి చూపించాలి.