రహీమ్ సాబ్ అడిగిన కానుక

స్టేడియంలో లక్షమంది జనం. అంతమందిలో మన జట్టు గెలవాలని కోరుకుంటున్నవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. మన ఆటగాడి కాలికి బంతి తగిలితే చాలు... ఈలలు, గోల. జాతీయగీతాన్ని కూడా వినపడనివ్వలేదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలోని సెనయన్ స్టేడియంలో జరిగిన ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ అది. ప్రత్యర్థి దక్షిణ కొరియా. అయినా ఆ రోజు మనవాళ్లు పోరాడాల్సింది ఒక్క కొరియాతోనే కాదు.

ఇండోనేసియా వాళ్లకి మనమీద అంత కోపం ఎందుకంటే, దానికీ ఆటకీ సంబంధమే లేదు. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేసియా రానివ్వలేదు. ఇది అన్యాయమనీ, అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవకూడదనీ గట్టిగా వాదించింది మనవాడే... గురుదత్ సోంధీ. ఆసియా క్రీడలకు పునాది వేసినవాళ్లలో ఆయనొకరు. ఆయన మాటతో జకార్తా భగ్గుమంది. జనం భారత రాయబార కార్యాలయం మీద దాడికి దిగారు. ఫైనల్‌కి వెళ్లేటప్పుడు బస్సులో మన ఆటగాళ్లు బయటికి కనపడకుండా కూర్చోవాల్సి వచ్చింది. తలపాగా చూస్తే ఇట్టే గుర్తుపడతారని జర్నైల్ సింగ్ ఏకంగా బస్సు నేలమీదే నక్కాడని ఆ జట్టువాళ్లు తర్వాత చెప్పుకునేవారు.

అసలు ఫైనల్ దాకా వస్తారని కూడా ఎవరూ అనుకోలేదు. తొలి మ్యాచ్‌లో ఇదే కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టారుగానీ, ఆ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి ఆరు కుట్లు పడ్డాయి. రక్షణశ్రేణికి మూలస్తంభం అతను. అతను లేకుండానే జపాన్‌ని 2-0తో ఓడించి సెమీస్‌కి వచ్చేశారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కేమో ఫ్లూ జ్వరం. అతని స్థానంలో ప్రద్యోత్ బర్మన్ నెట్టుకొస్తున్నాడు.

అప్పుడు కోచ్ ఒక ఎత్తు వేశారు. తలకు కుట్లున్న డిఫెండర్‌ని బెంచీ మీద కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఆ స్థానంలో ఆడినవాడేనని ఆయనకు తెలుసు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచారు. రెండు గోల్స్ కెప్టెన్ చునీ గోస్వామివి, ఒకటి తలకు కట్టుతో ఆడిన జర్నైల్‌ది.

ఆ కోచ్ పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరికీ రహీమ్ సాబ్. మన హైదరాబాదీ.

బడిపంతులు... బంతి పంతులు

1909లో పుట్టిన రహీమ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. సాయంత్రమైతే మైదానం. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాదే మోహన్ బగాన్‌ని ఓడించి డ్యురాండ్ కప్పు తెచ్చారు. రోవర్స్ కప్పునైతే 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు ఇంకెవరి చేతికీ పోనివ్వలేదు. కలకత్తా క్లబ్బులదే రాజ్యమైన రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

ఆయన పాఠం చెప్పే పద్ధతే వేరు. బంతిని కాళ్ల మధ్య తిప్పుతూ మురిసిపోయే కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవారు. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. కుడికాలివాటం వాళ్లు ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీలూ ఉండేవి. కండబలంలో యూరప్ వాళ్లతో సరితూగలేం కాబట్టి వేగంతో, పాస్‌లతో నెగ్గుకురావాలన్నది ఆయన లెక్క. ఆ లెక్క 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కుదిరింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్ చేరాం. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం ఆ మెట్టు మళ్లీ ఎక్కలేదు. నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం... ఆ జట్టులో మన హైదరాబాదీలు ఎందరో!

తులసీదాస్ బలరాం సంగతి చెప్పుకోవాలి. సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ కుర్రాడు. పేద కుటుంబం. ఆట చూసి ముచ్చటపడిన రహీమ్, ప్రాక్టీసుకు నగరానికి రమ్మన్నారు. అంతదూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. అద్దె సైకిలు ఖర్చు నేనిస్తాను, నువ్వు రా అన్నారట పంతులుగారు. కొద్దికాలానికే ఆ కుర్రాడు మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూల మీద గోల్స్ చేశాడు. జకార్తాలో చునీ గోస్వామి, పీకే బెనర్జీలతో కలిసి ముందు వరసలో నిలిచాడు. పాతబడిన ఆ కథలో మనకు అర్థమయ్యేది రహీమ్ కన్ను ఎంత దూరం చూసేదన్నదే.

ఆ రాత్రి, ఆ మర్నాడు

ఫైనల్‌కు ముందు రాత్రి చాలామందికి నిద్ర పట్టలేదు. రహీమ్ ఆటగాళ్లతో పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. రేపు మీ నుంచి నాకొక కానుక కావాలి, బంగారు పతకం తెచ్చిపెట్టండి అని మాత్రం అడిగారు. అప్పటికి ఆయన ఆరోగ్యం అంతంతమాత్రం. సిగరెట్ ఎప్పుడూ చేతిలోనే ఉండేది.

మర్నాడు తంగరాజ్‌ని తిరిగి గోల్ ముందు నిలబెట్టారు. ఆరడుగులు దాటిన మనిషి. కొరియా వాళ్ల ఎత్తు బంతులకు అతనే విరుగుడని కోచ్ నమ్మకం. 17వ నిమిషంలో పీకే బెనర్జీ గోల్ కొట్టాడు. గ్యాలరీలు గతుక్కుమన్నాయి. మూడు నిమిషాలు తిరిగేసరికి జర్నైల్ సింగ్ ఇంకోటి. ఆ తర్వాతంతా కాచుకోవడమే. చివర్లో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది. మిగిలిన ఆ కాసిన్ని నిమిషాలు ఎలా గడిచాయో ఆడినవాళ్లకే తెలియాలి. 2-1. బంగారం మనదే.

ఆ లక్షమందిలో మనకోసం గొంతు చించుకున్న గుంపు ఒకటుంది. పాకిస్థాన్ హాకీ జట్టు! అదే క్రీడల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించింది వాళ్లే. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి మనవైపు నిలిచారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లోనూ రహీమ్ శిక్షణలోనే మనకు ఫుట్‌బాల్ స్వర్ణం వచ్చింది. జకార్తాది రెండోది. మూడోది ఇప్పటిదాకా రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం దక్కింది, అంతే.

కానుక అందుకున్న రహీమ్ తొమ్మిది నెలలు బతికారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆయన తయారుచేసిన కుర్రాళ్లు, వాళ్లను చూసి ఆడినవాళ్లు ఇంకొంతకాలం లాక్కొచ్చారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే తాతలు చెప్పే కబురైపోయింది. ఆటగాళ్లను వెతికి పట్టుకొచ్చేవాడు లేకపోతే మైదానాలుండి మాత్రం ఏం లాభం?

బలరాం అనారోగ్యంతో పాతికేళ్లు దాటీదాటకముందే ఆట మానేశాడు. తర్వాత బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డాడు. రహీమ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. ఒక్క మ్యాచ్‌లోనూ దిగే అవకాశం రాలేదు. తండ్రే కోచ్ అయినా!

రహీమ్ కథతో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ ఆ పాత్ర వేశాడు. అది విడుదలైంది 2024 ఏప్రిల్లో. పీకే బెనర్జీ, చునీ గోస్వామి 2020లోనే వెళ్లిపోయారు. హకీమ్ 2021 ఆగస్టులో, అమ్ముగూడ బలరాం 2023 ఫిబ్రవరిలో.