నటి ధారణ – అల్జీమర్స్ వ్యాధి: అన్నీ జిరార్డో ఉదంతం, తెలుగు సమాజానికి దాని అన్వయం

వ్యాస సంగ్రహం: ఫ్రెంచి చలనచిత్ర నటి అన్నీ జిరార్డో (1931-2011) అల్జీమర్స్ వ్యాధితో జీవించి మరణించారు. ఆ ఉదంతం ఆధారంగా, నటవృత్తిలో ఈ వ్యాధి తొలి దశ ఎలా మరుగున పడగలదో, దానిని వ్యాధిగా గుర్తించి పేరు పెట్టడం రోగి గౌరవానికి ఎందుకు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు సమాజంలో వ్యాధి గుర్తింపునకు గల అవరోధాలను కూడా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ధారణ, అల్జీమర్స్, చిత్తవైకల్యం, అన్నీ జిరార్డో, ద్విభాషిత్వం.

1. ఉపోద్ఘాతం

తోట్లవల్లూరు, గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాలలో పద్యనాటకాన్ని ఆదరించిన ప్రేక్షకులు నటుని కంఠంతో పాటు ధారణను కూడా గమనించేవారు. ధారణ తప్పిన నటునికి తెరచాటు నుండి ప్రాంప్టరు మాట అందించేవాడు. నటునికి జ్ఞాపకశక్తి వృత్తి సాధనం. అది వ్యాధి వల్ల క్షీణించినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి జిరార్డో జీవితం ఒక ప్రసిద్ధ ఉదాహరణ.

2. జిరార్డో నటజీవితం

1931 అక్టోబరు 25న పారిస్‌లో జన్మించిన జిరార్డో కొంతకాలం కొమెది ఫ్రాన్సేజ్ నాటకసంస్థలో పనిచేశారు. విస్కోంతి దర్శకత్వంలో 1960లో వచ్చిన 'రోక్కో అండ్ హిజ్ బ్రదర్స్' ఆమెకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది. 'డాక్టర్ ఫ్రాన్స్వాజ్ గయాన్' చిత్రానికి 1977లో ఉత్తమ నటిగా సెజార్ పురస్కారం లభించింది. 1996లో, 2002లో సహాయనటిగా మరో రెండు సెజార్‌లు అందుకున్నారు.

'మదామ్ మార్గెరీత్' ఏకపాత్ర నాటకం. వేదికపై సంభాషణ అందించే తోటి పాత్రలుండవు; భారమంతా ఒక్క నటి ధారణ మీదే ఉంటుంది. ఈ పాత్రకు ఆమె 2002లో మోలియేర్ పురస్కారం పొందారు. అయితే వృత్తిజీవితపు చివరి దశలో సంభాషణలను చెవిలోని శ్రవణయంత్రం ద్వారా అందుకొని పలకవలసి వచ్చింది. పద్యనాటకంలో ప్రాంప్టరు చేసే పనినే ఇక్కడ యంత్రం చేసింది. వృత్తిలో సహజమైన ఇటువంటి ఊతం ప్రేక్షకుని నుండి లోపాన్ని దాచగలదు. వ్యాధి లక్షణం కూడా దాని వెనుక మరుగునపడే అవకాశం ఉంది.

3. వ్యాధి స్వభావం

జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో ఈ వ్యాధిని తొలిసారిగా వైద్యలోకం ముందుంచారు. 1910లో క్రెపెలిన్ దానికి ఆయన పేరు పెట్టారు. మెదడులో అమిలాయిడ్, టౌ అనే ప్రోటీన్లు అసాధారణంగా పేరుకొనడం దీని ముఖ్య లక్షణం. కొత్త అనుభవాలను నిలుపుకోవడానికి తోడ్పడే హిప్పోకాంపస్ సాధారణంగా తొలి దశలోనే దెబ్బతింటుంది. అందువల్ల నిన్నటి మాట చెరిగిపోయినా చిన్ననాటి సంగతి గుర్తుంటుంది. అభ్యాసంతో శరీరానికి అలవడిన నైపుణ్యాలు సాపేక్షంగా ఎక్కువ కాలం నిలుస్తాయి. కూచిపూడి వంటి కళలలో అడుగుకూ మాటకూ గల భేదంతో దీనిని పోల్చవచ్చు: కొత్త సంభాషణ నేర్వలేని దశలోనూ చిరకాలం సాధన చేసిన కదలిక కొంతవరకు మిగలవచ్చు.

4. పేరు పెట్టడం – గౌరవం

2006 సెప్టెంబరులో 'పారీ మాచ్' వారపత్రిక ద్వారా జిరార్డో వ్యాధి లోకానికి తెలిసింది. 2007లో ఆమె కుమార్తె జూలియా సాల్వతోరి తల్లి జ్ఞాపకాలపై పుస్తకం వెలువరించారు. 2008లో ఆమెపై ఒక డాక్యుమెంటరీ ఫ్రెంచి టెలివిజన్‌లో ప్రసారమైంది. 2011 ఫిబ్రవరి 28న ఆమె పారిస్‌లో మరణించారు.

అమెరికన్ నటి రీటా హేవర్త్ (1918-1987) విషయం దీనికి భిన్నం. ఆమె ప్రవర్తనలోని మార్పులను చాలాకాలం మద్యపాన ఫలితంగా భావించారు. 1980ల ఆరంభంలో వ్యాధి నిర్ధారణ జరిగాకే ఆ నింద తొలగింది. వ్యాధికి పేరు లేనంతవరకు లక్షణం దోషంగా కనిపిస్తుంది. పేరు తెలియడం వ్యాధిని నయం చేయదు; కాని నిందను తొలగించి సేవకు దారి తీస్తుంది.

5. తెలుగు సమాజం

తెలుగు కుటుంబాలలో 'చాదస్తం', 'మతిమరుపు', 'పెద్దతనం' అనే మాటలు తరచు వ్యాధి లక్షణాన్ని కప్పివేస్తాయి. చలనచిత్రాలలోనూ మతిమరుపు ఎక్కువగా హాస్యవస్తువే; 'భలే భలే మగాడివోయ్' (2015) ఇందుకు ఉదాహరణ. మలయాళంలో 'తన్మాత్ర' (2005), కన్నడంలో 'గోధి బణ్ణ సాధారణ మైకట్టు' (2016) అల్జీమర్స్‌ను కథావస్తువుగా స్వీకరించాయి.

2023లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు, అంతకు పైబడిన వారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది చిత్తవైకల్యంతో ఉన్నారు. పురుషులలో కన్నా స్త్రీలలో, పట్టణాలలో కన్నా గ్రామాలలో ఇది అధికం. చదవమని, రాయమని అడిగే పరీక్షలు బడికి వెళ్లని గ్రామీణ స్త్రీ విషయంలో తప్పు ఫలితమిచ్చే ప్రమాదముంది. కాబట్టి పరీక్ష తెలుగులో ఉండటంతో పాటు నిరక్షరాస్యతను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హైదరాబాదులోని నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఏకభాషీయులతో పోలిస్తే రెండు లేదా అంతకన్న ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. నిరక్షరాస్యులలోనూ ఈ భేదం కనిపించడం విశేషం. అయితే ఇది సహసంబంధమే గాని భాషాజ్ఞానం వ్యాధిని నివారిస్తుందనడానికి నిరూపణ కాదు.

6. ముగింపు

ధారణ కోల్పోయినంత మాత్రాన నటి సాధించిన కళ చెరిగిపోదు. అది ప్రేక్షకుల స్మృతిలో, చిత్రాలలో భద్రంగా ఉంటుంది. పేరుప్రఖ్యాతులు లేని గృహిణికి అటువంటి రక్షణ లేదు. ఆమె మరుపును ఇంటివారు చాదస్తంగా తీసివేయక సకాలంలో వైద్యుని వద్దకు చేర్చడమే ఆమె గౌరవానికి తొలి రక్షణ. జిరార్డో ఉదంతం నుండి తెలుగు సమాజం గ్రహించదగిన సారం ఇదే.