ముందే ఒప్పుకుంటే...

పేరంటానికి పెట్టుకుందామని పక్కింటావిడ దగ్గర గొలుసు అడిగి తెచ్చుకున్నారు. దాని కొక్కెం కాస్తా విరిగింది. చెబితే ఏమంటుందోనని దారంతో బిగించి, ఏమీ ఎరగనట్లు ఇచ్చేశారు. ఇక ఆవిడ మీ గుమ్మం ముందునుంచి వెళ్ళినప్పుడల్లా గుండె దడే! అడిగితే చెప్పడానికి ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకోవాలి.

ఇలాంటి ఇరుగుపొరుగు సంగతులు బైబిలులో ఉన్నాయంటే మీలో కొందరికి ఆశ్చర్యంగా ఉండవచ్చు. లేవీయకాండం 6వ అధ్యాయం చూడండి. దాచమని ఇచ్చిన సొమ్ము కాజేసినా, దారిలో దొరికినదాన్ని దొరకలేదని ఒట్టు పెట్టినా, ఆ సొమ్ము తిరిగి ఇచ్చి, పైన అయిదో వంతు కలపాలి. దేవుడికి బలి అర్పించడం కూడా ఉంది. తప్పు నోటితో ఒప్పుకోవాలని సంఖ్యాకాండం 5వ అధ్యాయం చెబుతుంది.

ఇక పట్టుబడ్డ దొంగ సంగతి నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఉంది. దొంగిలించిన పశువు ప్రాణంతో దొరికితే రెండింతలు ఇచ్చుకోవాలి. దాన్ని కోసేసినా, అమ్మేసినా గొర్రెకు 4 గొర్రెలు, ఎద్దుకు 5 ఎద్దులు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి, మనం ఇంటిఖర్చు పద్దు చూసుకున్నట్లు లెక్క వేద్దాం. 100 రూపాయల తప్పు తనంత తాను ఒప్పుకుంటే 120తో తీరుతుంది. పట్టుబడితే 200. మాయం చేశాక అయితే 400, 500! తప్పు చేసినవాడు వెనక్కి రావడానికి దారి చవగ్గా ఉంచారన్నమాట. ఊరికే భయపెట్టడంకన్నా ఇదే తెలివైన పని అని నాకనిపిస్తుంది.

అలాగని అన్ని తప్పులూ అయిదో వంతుతో తీరవు. దావీదు రాజు ఊరియా భార్యను చేరదీశాడు. అది బయటపడకుండా ఊరియాను యుద్ధంలో ముందువరసన నిలబెట్టించి చంపించాడు. నాతాను ప్రవక్త వచ్చి, బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న ధనికుడి కథ చెబితే, నాలుగింతలు ఇప్పించాలని దావీదే మండిపడ్డాడు. ఆ ధనికుడు తానేనని తెలిశాక ఒప్పుకున్నాడు. క్షమాపణ దొరికింది. కాని ఊరియా తిరిగి రాలేదు, పుట్టిన బిడ్డా దక్కలేదు.

జక్కయ్య కథ వేరు. యెరికోలో సుంకపు గుత్తదారు, బాగా డబ్బున్నవాడు. మనిషి పొట్టి. యేసును చూడాలని మేడిచెట్టెక్కాడు పాపం! యేసు అతని ఇంటికే వస్తానన్నాడు. అప్పుడు జక్కయ్య, ఆస్తిలో సగం బీదలకిస్తానని, ఎవరిదగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు చెల్లిస్తానని అన్నాడు. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ నిలదీయలేదు. దొంగ కట్టవలసిన లెక్క తానే ఎంచుకున్నాడు.

మళ్ళీ గొలుసు దగ్గరకు వద్దాం. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసు ఒక మాట చెప్పాడు. బలిపీఠం దగ్గర కానుక పట్టుకు నిలబడినప్పుడు, మనమీద ఎవరికైనా నొప్పి ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలిపెట్టి, ముందు వెళ్ళి వారితో సమాధానపడి రమ్మన్నాడు. కానుక ఎటూ పోదు, తిరిగి వచ్చేదాకా అక్కడే ఉంటుంది.