పెట్టె పలకదేం?

ఈ రోజుల్లో చాలా ఇళ్ళల్లో మేజా మూల ఓ చిన్న నల్లపెట్టె ఉంటున్నది. ఇంటిల్లిపాది ఫోటోలూ, పెళ్ళి వీడియోలూ, పిల్లల చదువు కాగితాలూ అన్నీ అందులోనే. నెట్‌వర్క్ స్టోరేజి అని దాని పేరు. పొట్టిగా ‘నాస్’ అంటారు. రేయింబవళ్ళు మినుకుమినుకుమంటూ పడి ఉంటుంది గనుక దాని సంగతి ఎవరికీ పట్టదు. ఆరిపోయిన నాడే అందరికీ దానిమీద ప్రేమ పుట్టుకొస్తుంది.

మా ఇంట్లో జరిగిందదే. గాలివానకు కరెంటు పోయి, రెండు గంటల తరువాత వచ్చింది. ఫాను తిరిగింది, దీపం వెలిగింది. పెట్టె మాత్రం మీట ఎన్నిసార్లు నొక్కినా ఉలకలేదు, పలకలేదు.

“ఏమండీ, అత్తయ్యగారి గొంతు అందులోనే గదూ ఉన్నది?” అన్నది మా ఆవిడ.

నా గుండె ఝల్లుమన్నది. మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది. మనవరాలికి ఆమె చెప్పిన కథలు ఆ పెట్టెలో తప్ప మరెక్కడా లేవు.

“డిస్కులు పీకి ఏదో ఒక కొత్త పెట్టెలో పెట్టి చూడు” అన్నాడొక మిత్రుడు. ఆ మాట విననందుకు ఈనాటికీ సంతోషిస్తున్నాను. వేరే రకం పెట్టె అయితే, “డిస్కులను సిద్ధం చేయమంటారా?” అని మర్యాదగా అడుగుతుంది. సిద్ధం చేయడమంటే ఉన్నదంతా తుడిచేయడమే!

హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ దాపున రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. పెట్టె పట్టుకుని ఆయన దగ్గరకు పోయాను. ఆయన ముందుగా రెండు డిస్కులూ బయటికి తీసి, వరుస తప్పకుండా 1, 2 అని అంకెలు వేశారు. తరువాత మీట నొక్కారు. దీపం ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది.

“పెట్టె చావలేదు బాబూ. దానికి తిండి చాలడం లేదు” అన్నారు.

అడాప్టరుకు మీటరు పెట్టారు. ముల్లు సరిగ్గా 12 వోల్టుల దగ్గర నిలిచింది.

“బాగానే ఉన్నదిగదండీ?”

“ఖాళీ బండిని ఏ ఎద్దయినా లాగుతుంది. బరువు వేసి చూడాలి” అంటూ 21 వాట్ల కారు బల్బు తగిలించారు. ముల్లు 7కు జారిపోయింది!

గోడలోని 230 వోల్టులను 12కు తగ్గించేది ఆ అడాప్టరే. అందులోని కెపాసిటర్లలో కొన్నింటిలో ఒక ద్రవం ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది ఎండిపోతుంది. నడుస్తున్నంతకాలం ఎలాగో నెట్టుకొస్తుంది. కాని ఆగిన డిస్కు మళ్ళీ తిరగనారంభించడానికి కరెంటు ఎక్కువ కావాలి. అందుకే కరెంటు పోయి వచ్చిన రోజునే దాని బండారం బయటపడుతుంది.

కొత్త అడాప్టరుకు వోల్టులు అవే ఉండాలి. ఆంపియర్లు పాతదానికి సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. మొనలో ధన ఋణాలు తారుమారు కాకూడదు. పాతదాన్ని మాత్రం మీరు విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టులుంటాయి. గోడనుంచి పీకిన తరువాత కూడా కొంతసేపు కొట్టవచ్చు.

తప్పెప్పుడూ అడాప్టరుదే కాదు. ఇంటెల్ వారి ఆటమ్ సి2000 ప్రాసెసర్లలో గడియార సంకేతం ఆగిపోయి యంత్రం లేవకపోవచ్చునని 2017లో బయటపడింది. అలాంటిచోట కొత్త అడాప్టరు పనిచేయదు. అయినా పెట్టె పోయినంత మాత్రాన డిస్కులు పోయినట్లు కాదు. ఇలాంటి పెట్టెలు చాలావాటిలో నడిచేది లినక్సే గనుక, తెలిసినవారు లినక్సు కంప్యూటరుకు తగిలించి, ఏమీ రాయకుండా చదివి తీయగలరు.

మా పెట్టె కొత్త అడాప్టరుతో లేచి కూర్చున్నది. అమ్మ కథలు భద్రంగా ఉన్నాయి. అయితే నా బుద్ధికి ఒక సంగతి అప్పుడే తట్టింది. రెండు డిస్కులున్నాయిగదా, రెండు ప్రతులున్నట్లే అనుకున్నాను. ఒకదాంట్లో చెరిపితే రెండోదాంట్లోనూ చెరుగుతుంది. దొంగ వస్తే రెండూ కలిసే పోతాయి. అది అద్దంలో బొమ్మేగాని రెండో ప్రతి కాదు.

మరునాడే అన్నీ మరో డిస్కులోకి ఎక్కించి గుంటూరులో మా చెల్లెలి ఇంటికి పంపాను. మీ పెట్టె ఇంకా వెలుగుతూనే ఉన్నదా? అయితే ఆ పని చేయవలసింది ఇవాళే.