జడ నీడ, నిమ్ము నీడ

"అమ్మా, ఆ జడ పైకి ముడేసుకోండి. మెడలో గొలుసు తీసి చేతిలో పెట్టుకోండి." ఎక్స్‌రే గదిలో టెక్నీషియన్ ఈ మాట అంటే కొందరికి చిరాకు. పుస్తెలతాడు తీయమంటే ఇంకొందరికి దిగులు. కానీ అందుకు కారణం ఉంది. బిగించి అల్లిన జడ భుజం మీదుగా వేలాడితే ఫిల్ములో ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి నీడ పడుతుంది. పెద్దవాళ్లలో క్షయ మచ్చలు తరచుగా కనిపించేదీ ఆ చోటే.

ఛాతీ ఎక్స్‌రే నిజానికి నీడల బొమ్మే. కిరణాలు గాలిలోంచి సులువుగా దూసుకుపోతాయి కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తులు నల్లగా వస్తాయి. ఎముకలు, గుండె కిరణాలను అడ్డుకుని తెల్లగా కనిపిస్తాయి. గాలి ఉండాల్సిన చోట చీము, నీరు, గడ్డ ఏది చేరినా అక్కడ తెలుపు తేలుతుంది. "ఊపిరి గట్టిగా పీల్చి ఆపండి" అనేది కూడా అందుకే. సగం ఊపిరితో తీస్తే ఊపిరితిత్తులు ముడుచుకుని, లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. మంచం దిగలేని రోగికి ముందువైపు నుంచి తీసిన ఫిల్ములో గుండె అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్లు హడలిపోనక్కర్లేదు.

మన ఇళ్లలో ఇలాంటి తెలుపంతటికీ ఒకటే పేరు: నిమ్ము. డాక్టరుకు మాత్రం అది రెండు మూడు వేర్వేరు జబ్బులు. ఊపిరితిత్తి లోపల ఇన్ఫెక్షన్ అయితే న్యుమోనియా. ఊపిరితిత్తికీ పక్కటెముకలకూ మధ్య నీరు చేరితే వైద్యం దారే వేరు, ఒక్కోసారి సూదితో నీరు తీయాల్సి వస్తుంది. ఈ తేడా తేల్చడానికి అల్ట్రాసౌండ్ బాగా పనికొస్తుంది. దానిలో రేడియేషన్ ఉండదు. సూది ఎక్కడ గుచ్చాలో కూడా అదే చూపిస్తుంది.

ఎక్స్‌రేకు హద్దులున్నాయి. చిన్న గడ్డలు గుండె వెనుకో, ఎముకల చాటునో దాగిపోతాయి. ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం మామూలు ఫిల్ములో సాధారణంగా కనపడదు. క్షయ విషయానికొస్తే, అనుమానాన్ని రేపడం వరకే ఎక్స్‌రే పని. 2024 డిసెంబరు 7న మొదలైన వంద రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేత్తో పట్టుకుపోయే ఎక్స్‌రే యంత్రాలను ఊళ్లలోకి తీసుకెళ్లారు. ఆ ఫిల్ములో మచ్చ కనిపిస్తే తర్వాతి మెట్టు కళ్లె పరీక్ష. ఎప్పుడో మానిపోయిన క్షయ కూడా మచ్చ వదిలి వెళుతుంది మరి.

ఇక సీటీ స్కాన్. 2021 మేలో, కరోనా రెండో అల భయంలో, జ్వరం వచ్చిన మర్నాడే స్కాన్ సెంటర్ల ముందు జనం బారులు తీరారు. అప్పుడు ఎయిమ్స్ డైరెక్టరుగా ఉన్న రణదీప్ గులేరియా రేడియేషన్‌లో ఒక్క సీటీ 300 నుంచి 400 ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. అది పాత లెక్కని రేడియాలజిస్టుల సంఘం అభ్యంతరం చెప్పింది. యంత్రాన్ని బట్టి, మోతాదును బట్టి ఈ లెక్క చాలా మారుతుంది. సాధారణంగా చెప్పుకునే రేడియేషన్ అంకెలివి: ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.1 మిల్లీసీవర్ట్, మామూలు ఛాతీ సీటీకి దాదాపు 6, తక్కువ మోతాదు సీటీకి 1.5. నేల నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏటా సహజంగా సోకేదే సుమారు 3.

కాబట్టి అవసరమైన స్కాన్‌కు జంకనక్కర్లేదు, అక్కర్లేనిదాన్ని అడిగి చేయించుకోనూ కూడదు. "ఈ స్కాన్‌లో ఏం తేలితే నా మందులు మారతాయి?" అని డాక్టర్ని అడగడం రోగి హక్కు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా ముందే చెప్పాలి. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించే స్కాన్ అయితే కిడ్నీ జబ్బు, ఆస్తమా, ఇంతకుముందు ఆ మందు పడకపోవడం, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడకం దాచకూడదు. అందుకే చాలాచోట్ల ముందుగా కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపించడం మామూలే. దురద, ఆయాసం వస్తే వెంటనే చెప్పాలి.

చాలా ఏళ్లుగా బాగా సిగరెట్లు తాగినవారికి తక్కువ మోతాదు సీటీ నిజంగా ప్రాణాలు కాపాడింది. అమెరికాలో 53,454 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. ఎక్స్‌రే తీయించుకున్నవారితో పోలిస్తే సీటీ తీయించుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. అయితే స్కాన్‌లో అనుమానంగా కనిపించినవాటిలో 96 శాతానికి పైగా క్యాన్సర్ కాదని తేలింది. క్షయ మచ్చలు ఎక్కువగా ఉండే మన దేశంలో ఇలాంటి ఉత్తుత్తి అనుమానాలకు చోటు ఇంకా ఎక్కువ.

ఆ అనుమానం తీర్చే సాక్ష్యం చాలాసార్లు ఇంట్లోనే, బీరువా మీది పాత కవర్లో ఉంటుంది. రిపోర్టులో చిన్న గడ్డ అని రాసినప్పుడు డాక్టర్ మొదట అడిగేది పాత ఫిల్మే. గట్టిగా ఉన్న చిన్న గడ్డ రెండేళ్లుగా పెరగకుండా అలాగే ఉంటే అది చాలావరకు హాని చేసేది కాదు. రెండేళ్ల కిందటి ఫిల్ము, సీడీ కవర్లో భద్రంగా ఉంటే, కొత్త స్కాన్ పక్కన పెట్టి చూసి ఆ రోగిని బయాప్సీ సూది లేకుండానే ఇంటికి పంపవచ్చు.