గగన మార్గానికి కళాశాల సోపానాలు

ఆకాశంలో విమానం ఎగురుతూ ఉంటే తలయెత్తి చూడని బాలుడు గాని, బాలిక గాని ఉండరు. చూసినవారిలో కొందరికి దానిని తామే నడపాలనే కోరిక కలుగుతుంది. ఆ కోరిక ఎంత బలమైనదైనా, దానిని సాధించే దారి ఏదో తెలియకపోతే అది కోరికగానే మిగిలిపోతుంది. సైనిక విమాన చోదకుని వృత్తికి అర్హత ఏ తరగతిలో నిర్ణయమవుతుందో, ఏ వయస్సుతో ముగిసిపోతుందో మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. తెలిసేనాటికి వయస్సు మించిపోతున్నది. అందుచేత ఈ విషయమును వివరించుట అవసరమని తలచుచున్నాను.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. వాయుసేనలో పైలట్ కావడానికి ప్రైవేటు సంస్థలలో లక్షలాది రూపాయలు వెచ్చించి విమానం నడపడం నేర్చుకోనక్కరలేదు. అది పౌర విమానాలు నడపదలచినవారు వాణిజ్య లైసెన్సు కొరకు అనుసరించే దారి. సైనిక చోదకుని ప్రభుత్వమే ఎన్నుకొని, ప్రభుత్వమే తన ఖర్చుతో శిక్షణ ఇస్తుంది. అంతేకాదు, ఏడవ వేతన సంఘపు లెక్క ప్రకారం శిక్షణ చివరి సంవత్సరంలో నెలకు 56,100 రూపాయల భృతి కూడా ఇస్తుంది. కనుక ఇందుకోసం ఏ తండ్రీ పొలము అమ్మనక్కరలేదు, ఏ తల్లీ నగలు కుదువ పెట్టనక్కరలేదు. కావలసిన పెట్టుబడి చదువు, ఆరోగ్యము, సకాలంలో తీసుకొన్న నిర్ణయము.

ఆ నిర్ణయాలలో మొదటిది పదవ తరగతి ముగియగానే ఎదురవుతుంది. వాయుసేన చోదక శాఖకు ఇంటర్మీడియెట్‌లో గణితము, భౌతికశాస్త్రము రెండూ చదివి ఉండాలి. అంటే ఎం.పి.సి. శాఖ. బై.పి.సి., సి.ఇ.సి. వంటి శాఖలు చదివినవారు తరువాత డిగ్రీలో ఎంత ఉత్తమశ్రేణి సాధించినా సామాన్యంగా ఈ ద్వారం వారికి తెరుచుకోదు. ఇంజనీరింగు పట్టభద్రులకు మాత్రం కొన్ని ప్రవేశాలలో వేరు నిబంధన ఉన్నది. పదిహేనేళ్ళ వయస్సులో స్నేహితులు చేరారని, ఇంటికి దగ్గర కళాశాల అని ఏదో ఒక శాఖలో చేరడం ఎంత ప్రమాదమో దీనినిబట్టి గ్రహించవచ్చును.

ఇంటర్మీడియెట్ తరువాత రెండు దారులున్నవి.

మొదటి దారి పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీ. దీనికి యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏటా రెండు పర్యాయాలు పరీక్ష జరుపుతుంది. రమారమి పదహారున్నర నుండి పందొమ్మిదిన్నర సంవత్సరాల వయస్సు గల అవివాహితులు అర్హులు. ఇంటర్ రెండవ సంవత్సరం చదువుతూ కూడా దరఖాస్తు చేయవచ్చు. గణితానికి 300 మార్కులు, ఆంగ్లముతో కూడిన సామాన్య జ్ఞానానికి 600 మార్కులు, ఆపైన ఎస్.ఎస్.బి. ఎంపికకు 900 మార్కులు. ఎన్నికైనవారు అక్కడే మూడేళ్ళు చదివి పట్టభద్రులై, అనంతరం విమాన శిక్షణకు వెళతారు. ఈ అకాడమీ పూర్వం బాలురకే పరిమితము. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో బాలికలకు పరీక్ష వ్రాసే హక్కు లభించింది. 2022లో చేరిన తొలి యువతుల బృందం 2025లో పట్టభద్రులై బయటకు వచ్చింది.

రెండవ దారి డిగ్రీ తరువాత. ఇందులో ప్రధానమైనవి రెండు పరీక్షలు: యూనియన్ కమిషన్ జరిపే సి.డి.ఎస్. పరీక్ష, వాయుసేనయే జరిపే ఏఎఫ్‌క్యాట్. రెండూ ఏటా రెండుసార్లు జరుగుతాయి. చోదక శాఖకు వయస్సు 20 నుండి 24 వరకు. ఏఎఫ్‌క్యాట్ ద్వారా యువకులతో పాటు యువతులూ చేరవచ్చు. ఈ దారిన చేరిన చోదకులకు సేవాకాలము 14 సంవత్సరాలు. ఇంటర్‌లో గణిత, భౌతికశాస్త్రాలలో ఒక్కొక్కదానిలో 50 శాతం, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. డిగ్రీ ఏ శాఖలోనిదైనా కావచ్చును. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో 'సి' సర్టిఫికెట్ పొందినవారికి వ్రాతపరీక్ష లేకుండానే ఎస్.ఎస్.బి.కి వెళ్ళే ప్రత్యేక అవకాశము కూడా కలదు.

మరి డిగ్రీలో ఏ కోర్సు మేలు? విద్యార్థి అరవై శాతానికి తగ్గకుండా చదవగలిగినదీ, వాయుసేనలో ఎంపిక కాకపోయినా బ్రతుకుతెరువు చూపగలిగినదీ అయిన కోర్సు మేలు. ఈ ఎంపికలో నెగ్గేవారు బహు కొద్దిమంది; రెండవ దారి సిద్ధం చేసుకొనడం పిరికితనం కాదు, వివేకము. బి.ఎస్‌సి. మూడేళ్ళలో ముగుస్తుంది గనుక ఇరవై నాలుగు నిండేలోపు ఎక్కువ ప్రయత్నాలకు వీలు చిక్కుతుంది. ఇంజనీరింగు నాలుగేళ్ళు. ప్రవేశపరీక్షకై లాంగ్‌టర్మ్ కోచింగులో గడిపే ప్రతి సంవత్సరమూ ఈ లెక్కలో నుండి తరిగిపోతుందని మరువరాదు.

వ్రాతపరీక్ష తరువాతి ఘట్టము ఎస్.ఎస్.బి. ఇది మైసూరు వంటి కేంద్రాలలో కొన్ని రోజులపాటు జరుగుతుంది. మనస్తత్వ పరీక్షలు, బృందంతో కలిసి చేయవలసిన పనులు, ఇంటర్వ్యూ ఇందులోని అంశాలు. కంఠస్థం చేసిన జవాబులు ఇక్కడ పనికిరావు. నలుగురిలో తన అభిప్రాయం చెప్పగలగడం, ఎదుటివాని మాట వినగలగడం, చిక్కులో తొణకకుండా ఉండడం ఇక్కడ పరీక్షకు నిలుస్తాయి. మన విద్యార్థులలో ఉర్దూ మాధ్యమంలో చదివినవారూ, తెలుగు మాధ్యమంలో చదివినవారూ ఆంగ్లమంటే జంకుతారు. ఆ జంకు ఒక్క నెలలో పోయేది కాదు. రోజూ ఒక ఆంగ్ల పత్రిక చదివి, దానిపై మిత్రులతో పది నిమిషాలు మాట్లాడితే రెండేళ్ళలో తప్పక పోతుంది.

చోదక శాఖకు మరొక ప్రత్యేక పరీక్ష ఉన్నది. చేతులు, కాళ్ళు, కన్నులు, బుద్ధి ఏకకాలంలో సమన్వయంతో పనిచేయగలవో లేదో యంత్రాల సాయంతో పరిశీలిస్తారు. ఈ పరీక్షకు జీవితంలో ఒకే ఒక అవకాశము. ఇందులో విఫలమైనవారు మరెన్నడూ చోదక శాఖకు అర్హులు కారు. అందువలన నిద్రలేమితో, సూచనలు సరిగా చదవకుండా దీనికి కూర్చొనడం తగదు.

పిదప వైద్య పరీక్ష. ఎత్తు సామాన్యంగా 162.5 సెంటీమీటర్లకు తగ్గరాదు; కాలి పొడవుకు, కూర్చున్నప్పటి ఎత్తుకు కూడా కొలతలున్నవి, ఎందుకనగా చోదకుని ఆసనంలో శరీరం ఇమడవలెను. చూపు నిర్దుష్టంగా ఉండాలి. రంగులు స్పష్టంగా గుర్తింపగలగాలి. కనుక ఇంటర్‌లో చేరినప్పుడే ఒకసారి నేత్రవైద్యునిచేత కన్నులు పరీక్ష చేయించుకొనడం మంచిది. లోపమున్నదని ముందే తెలిస్తే సేనలోని ఇతర శాఖలవైపు దృష్టి మళ్ళించవచ్చు.

ఇన్ని మెట్లు ఎక్కినవారు చేరేది మన హైదరాబాదు చెంతనున్న దుండిగల్ వాయుసేన అకాడమీకే. దీనికి 1967లో శంకుస్థాపన చేసినవారు నాటి రాష్ట్రపతి, హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు. అక్కడ చిన్న శిక్షణ విమానంతో అభ్యాసం మొదలై, ప్రతిభనుబట్టి యుద్ధ విమానము, రవాణా విమానము, హెలికాప్టరు అనే మూడు శాఖలలో ఒకదానికి ఎంపిక జరుగుతుంది. 2016 జూన్‌లో మన దేశపు తొలి ముగ్గురు మహిళా యుద్ధ విమాన చోదకులు అధికారిణులైనది ఈ ప్రాంగణంలోనే.

"ఇది మన వంటివారికి అందేదా?" అని సందేహించేవారికి ఒక జీవితము సమాధానం చెబుతుంది. హైదరాబాదులో 1923లో జన్మించి, నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు 1942లో వాయుసేనలో అధికారి అయ్యారు. 1947లో దేశ విభజన వేళ భారతదేశమునే తమ దేశముగా ఎంచుకొన్నారు. 1978 నుండి 1981 వరకు భారత వాయుసేనాధిపతిగా పనిచేశారు. మన నగరపు కళాశాలలో కూర్చున్న విద్యార్థి యావద్దేశపు వాయుసేనకు నాయకుడు కాగలిగెను.

దుండిగల్ ద్వారము దూరము కాదు. దానికి చేరే మెట్లు మాత్రం పదవ తరగతి ముగిసిన మరునాటి నుండే మొదలవుతాయి. విద్యార్థులు తమ వయస్సును, మార్కులను, కన్నులను ఇప్పుడే లెక్క చూసుకొనవలెను. కళాశాల కమిటీ పెద్దలు పదవ తరగతి ఫలితాలు వెలువడే వేళ, దరఖాస్తు ఫారం నింపకముందే, విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఈ విషయాలు తెలియజెప్పే ఏర్పాటు చేయగలిగితే, అర్హత ఉండియు తెలియక వెనుదిరిగేవారు ఉండరు.