యూనిట్ 9: జనరల్ త్సో చికెన్ - ఇంట్లో తేలికగా వండుకునే విధానం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 వంటకం పూర్వాపరాలు
9.3 వంటకం ఎందుకు 'బరువు' అవుతుంది?
9.4 ఏది తగ్గించాలి? ఏది ఉంచాలి?
9.5 తయారుచేసే విధానం
9.6 పోషక విలువల లెక్క
9.7 సారాంశం
9.8 కీలక పదాలు
9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• జనరల్ త్సో చికెన్ ఎక్కడ పుట్టి, ఎలా మారిందో వివరించగలుగుతారు.
• ముంచి వేయించినప్పుడు ఆహారంలోకి నూనె ఎలా చేరుతుందో తెలపగలుగుతారు.
• నూనె, చక్కెర, సోడియం తగ్గించి ఈ వంటకాన్ని ఇంట్లో తయారుచేయగలుగుతారు.
• ఒక వంటకంలోని శక్తిని, సోడియాన్ని లెక్కగట్టి, మరో వంటకంతో సరైన పద్ధతిలో పోల్చగలుగుతారు.

9.1 పరిచయం

అమెరికాలోని చైనీస్ హోటళ్లలో పొట్లం కట్టించుకొని వెళ్లేవారు ఎక్కువగా అడిగే వంటకాల్లో జనరల్ త్సో చికెన్ ఒకటి. చదువుకోసమో ఉద్యోగంకోసమో అక్కడికి వెళ్లిన తెలుగువారిలో చాలామందికి ఇది పరిచయమే. కోడిమాంసం ముక్కలకు పిండి పట్టించి, నూనెలో కరకరలాడేట్లు వేయించి, తీపి, పులుపు, కారం కలిసిన చిక్కటి సాస్‌లో వేసి తిప్పుతారు. రుచిలో లోటు లేదు. చిక్కల్లా దానిలోని నూనె, చక్కెర, ఉప్పులతోనే.

రక్తపోటు ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, "ఇలాంటివి మానెయ్యాలి" అనడం సులభం. కాని మానెయ్యమన్న సలహా ఎక్కువ రోజులు నిలవదు. వంటకంలో ఏ భాగం రుచినిస్తోంది, ఏ భాగం బరువును మాత్రమే పెంచుతోంది అన్నది తెలిస్తే, మానకుండానే మార్చుకోవచ్చు. ఈ యూనిట్‌లో మనం చేయబోయేది అదే.

9.2 వంటకం పూర్వాపరాలు

వంటకం పేరులోని సేనాని చారిత్రక వ్యక్తి. జువో జోంగ్‌తాంగ్ (1812-1885) చైనాలోని హూనాన్ రాష్ట్రానికి చెందినవారు, చింగ్ వంశపాలనలో పేరుపొందిన సైన్యాధిపతి. అయితే ఆయన ఈ వంటకాన్ని రుచి చూసే అవకాశమే లేదు. ఎందుకంటే ఇది ఆయన చనిపోయిన చాలా దశాబ్దాల తరవాత పుట్టింది.

దీన్ని రూపొందించినవారు హూనాన్‌కే చెందిన పెంగ్ చాంగ్-క్వే అనే వంటనిపుణులు. చైనా అంతర్యుద్ధం ముగిసిన 1949లో జాతీయవాద ప్రభుత్వంతోపాటు ఆయన తైవాన్ చేరారు. అక్కడ 1950లలో ఈ వంటకాన్ని తయారుచేసి, తమ ప్రాంతపు సేనాని పేరు పెట్టారు. హూనాన్ వంటల తీరుకు తగినట్లు అది పుల్లగా, కారంగా, ఉప్పగా ఉండేది. అందులో తీపి లేదు.

1970ల ఆరంభంలో ఈ వంటకం న్యూయార్క్ చేరింది. అక్కడి చైనీస్ వంటనిపుణులు పైపూతను మందం చేశారు, సాస్‌లో చక్కెర కలిపారు. పెంగ్ 1973లో న్యూయార్క్‌లో హోటల్ తెరిచేసరికి ఈ తీపి రూపం అక్కడివారికి అప్పటికే పరిచయమైంది. ఆయన కూడా అక్కడి అతిథుల అభిరుచికి అనుగుణంగా వంటకాన్ని మార్చారు. 2016లో ఆయన తైవాన్‌లో మరణించారు.

ఈ చరిత్రలో మన పనికి వచ్చే విషయం ఒకటుంది. మందపాటి పూత, ఎక్కువ చక్కెర ఈ వంటకానికి మూలలక్షణాలు కావు, తరవాత వచ్చి చేరినవి. కాబట్టి వాటిని తగ్గిస్తే వంటకం 'చెడిపోదు'. కొంతవరకు తన మొదటి రుచికి దగ్గరవుతుంది.

9.3 వంటకం ఎందుకు 'బరువు' అవుతుంది?

అమెరికాలోని ఒక వినియోగదారుల సంస్థ 2007లో హోటళ్లలోని చైనీస్ వంటకాలను పరీక్షించింది. జనరల్ త్సో చికెన్ ఒక ఆర్డరులో అన్నం కాకుండానే సుమారు 1,300 కిలోకాలరీల శక్తి, 3,200 మి.గ్రా. సోడియం ఉన్నట్లు తేలింది. పెద్దలు రోజుకు 2,000 మి.గ్రా. కంటే తక్కువ సోడియం, అంటే 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ ఒక్క పొట్లంలోనే సుమారు 8 గ్రాముల ఉప్పుకు సమానమైన సోడియం ఉందన్నమాట. దీనికి మూడు కారణాలున్నాయి.

9.3.1 నూనె: పిండి పట్టించిన ముక్కను కాగిన నూనెలో వేయగానే పైపూతలోని నీరు ఆవిరై బుడగలుగా బయటకు వస్తుంది. ఆవిరి బయటకు తోస్తున్నంతసేపూ నూనె పెద్దగా లోపలికి పోలేదు. ముక్కను బయటికి తీశాక అది చల్లబడుతుంది. లోపలి ఆవిరి తిరిగి నీరవుతుంది, పీడనం తగ్గుతుంది. అప్పుడు పైన అంటుకొని ఉన్న నూనె పూతలోని సన్నని రంధ్రాల్లోకి పీల్చుకుపోతుంది. పూత ఎంత మందంగా ఉంటే అంత నూనె నిలుస్తుంది. గ్రాము కొవ్వు 9 కిలోకాలరీల శక్తినిస్తుంది. అదే గ్రాము పిండిపదార్థంగాని మాంసకృత్తులుగాని ఇచ్చేది 4 కిలోకాలరీలే.

9.3.2 చక్కెర: సాస్‌కు మెరుపు, చిక్కదనం, తీపి ఇచ్చేది చక్కెర. పులుపు, ఉప్పు ఎక్కువగా ఉన్నచోట నాలుకకు తీపి పూర్తిగా తెలియదు. అందువల్ల తెలియకుండానే ఎక్కువ చక్కెర తినేస్తాం.

9.3.3 సోడియం: మామూలు సోయా సాస్ ఒక టేబుల్‌స్పూనులో సుమారు 900 మి.గ్రా. సోడియం ఉంటుంది. ముక్కలు నానబెట్టడంలో ఒకసారి, సాస్‌లో మరోసారి దాన్ని వాడతారు. పైగా ఉప్పు కూడా వేస్తారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - I

1. జనరల్ త్సో చికెన్‌ను మొదట రూపొందించినవారు ఎవరు? ఎక్కడ?
2. వేయించిన ముక్కలోకి నూనె ఎక్కువగా ఎప్పుడు చేరుతుంది?

9.4 ఏది తగ్గించాలి? ఏది ఉంచాలి?

అన్నింటినీ ఒకేసారి తగ్గిస్తే మిగిలేది చప్పిడి కూర. అందుకే ఒక్కొక్కటి చేసే పనిని గుర్తించి మార్పులు చేయాలి.

(అ) ముంచి వేయించడానికి బదులు కొద్ది నూనెలో కాల్చడం: మనకు కావలసింది ముక్క పైభాగం ఎర్రబడటం. ఆ రంగు, వాసన రావాలంటే ఉపరితలం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ముక్కపై తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ముక్కలను తుడిచి ఆరబెట్టాలి, బాండీలో కిక్కిరిసి వేయకూడదు. ఒకేసారి అన్నీ వేస్తే నీరు ఊరి, ముక్కలు వేగక ఉడుకుతాయి.

(ఆ) పలుచని పూత: గుడ్డు తెల్లసొన, కొద్దిగా కార్న్‌ఫ్లోర్ కలిపి పట్టిస్తే చాలు. ఈ పూత మాంసంలోని తేమను కాపాడుతుంది, సాస్ ముక్కకు అంటుకునేట్లు చేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: మన దుకాణాల్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మేది మొక్కజొన్న నుంచి తీసిన తెల్లని గంజిపొడి. అమెరికాలో అదే పదార్థాన్ని కార్న్‌స్టార్చ్ అంటారు. అక్కడ కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న పిండి. అది ఈ వంటకు పనికిరాదు.

(ఇ) చిక్కదనానికి గంజిపొడి: సాస్ చిక్కబడటానికి చక్కెరపై ఆధారపడనక్కరలేదు. నీటిలో కలిపిన ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ వేడికి ఉబ్బి సాస్‌కు చిక్కదనంతోపాటు మెరుపునూ ఇస్తుంది.

(ఈ) పులుపుతో ఉప్పును భర్తీ చేయడం: పులుపు, కారం, అల్లం, వెల్లుల్లి బలంగా ఉంటే ఉప్పు తక్కువైన లోటు అంతగా తెలియదు. వెనిగర్‌ను చివర్లో వేయాలి. ముందే వేసి మరిగిస్తే దాని ఘాటు ఆవిరైపోతుంది.

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఇలా వండిన ముక్కలు హోటల్ ముక్కల్లా కరకరలాడవు. అంచులు మాత్రమే కాస్త గట్టిపడతాయి. సాస్ కలిపిన వెంటనే తింటే ఆ తేడా తక్కువగా తెలుస్తుంది.

9.5 తయారుచేసే విధానం (నలుగురికి)

కావలసిన పదార్థాలు

ముక్కలకు: ఎముక, చర్మం లేని కోడి తొడ మాంసం 500 గ్రా., సోయా సాస్ 1 టేబుల్‌స్పూన్, ఒక గుడ్డు తెల్లసొన, కార్న్‌ఫ్లోర్ 2 టేబుల్‌స్పూన్లు.

సాస్‌కు: సోయా సాస్ 1 టేబుల్‌స్పూన్, చక్కెర 5 టీస్పూన్లు (20 గ్రా.), కార్న్‌ఫ్లోర్ 1 టీస్పూన్, నీరు అర కప్పు, వెనిగర్ ఒకటిన్నర టేబుల్‌స్పూన్లు (విడిగా ఉంచాలి).

మిగిలినవి: నూనె 6 టీస్పూన్లు, ఎండుమిర్చి 6 నుంచి 8, సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి ఒక్కొక్క టేబుల్‌స్పూన్, బ్రోకలీ 300 గ్రా., ఉల్లికాడలు, నువ్వులు 1 టీస్పూన్. బ్రోకలీ దొరకకపోతే బీన్స్, క్యాప్సికం వాడవచ్చు. విడిగా ఉప్పు వేయనక్కరలేదు.

పద్ధతి

1. మాంసాన్ని రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, కాగితపు తువాలుతో తడి అద్దండి. పచ్చి మాంసాన్ని కుళాయి కింద కడిగితే తుంపరలతో సూక్ష్మజీవులు చుట్టుపక్కల పాత్రలకు చేరుతాయి. మాంసం తాకిన చేతులను, కత్తిని, కోసిన పలకను సబ్బుతో కడగండి.
2. ముక్కలకు సోయా సాస్, తెల్లసొన, కార్న్‌ఫ్లోర్ పట్టించి, 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి.
3. బ్రోకలీని మరిగే నీటిలో రెండు నిమిషాలు ఉంచి, వడకట్టండి. వెనిగర్ తప్ప సాస్ పదార్థాలన్నీ ఒక గిన్నెలో కలపండి.
4. బాండీని బాగా వేడిచేసి, 2 టీస్పూన్ల నూనె వేసి, సగం ముక్కలను ఒకే వరసలో పరవండి. రెండు నిమిషాలు కదపవద్దు. తరవాత తిప్పి, లోపల ఉడికేవరకు మరో మూడు నిమిషాలు వేయించి తీయండి. మిగిలిన సగాన్ని మరో 2 టీస్పూన్ల నూనెతో ఇలాగే చేయండి.
5. పెద్ద ముక్క ఒకటి కోసి చూడండి. లోపల ఎరుపు ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. ఉష్ణమాపకం ఉంటే ముక్క నడుమ 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి.
6. మిగిలిన 2 టీస్పూన్ల నూనెలో ఎండుమిర్చి, అల్లం, వెల్లుల్లి అరనిమిషం వేయించండి. మిర్చి నల్లబడనివ్వకండి, చేదెక్కుతుంది.
7. సాస్‌ను అడుగునుంచి మరోసారి కలిపి పోయండి. మరిగి మెరుపు వచ్చాక ముక్కలు, బ్రోకలీ వేసి ఒక నిమిషం తిప్పండి. వెనిగర్ వేసి దించండి. నువ్వులు, ఉల్లికాడలు చల్లండి.

9.6 పోషక విలువల లెక్క

మొత్తం వంటకానికి సుమారు విలువలు (కిలోకాలరీలలో):

కోడిమాంసం 500 గ్రా. - 600
నూనె 6 టీస్పూన్లు - 240
చక్కెర 20 గ్రా. - 80
కార్న్‌ఫ్లోర్ - 75
బ్రోకలీ 300 గ్రా. - 100
తెల్లసొన, సోయా సాస్, నువ్వులు మొదలైనవి - 55
మొత్తం - 1,150

నలుగురికి పంచితే ఒక్కొక్కరికి సుమారు 290 కిలోకాలరీలు. సోడియంలో సోయా సాస్ వాటా 1,800 మి.గ్రా. మాంసం, కూరగాయలు, తెల్లసొనలలో సహజంగా ఉండేది సుమారు 600 మి.గ్రా. మొత్తం 2,400. అంటే ఒక్కొక్కరికి 600 మి.గ్రా. సోయా సాస్ రకాన్నిబట్టి ఇది మారుతుంది కాబట్టి సీసాపై ముద్రించిన అంకె చూసి మీ లెక్క మీరు వేసుకోవాలి.

ఇప్పుడు ఒక సాధారణ పొరపాటును గమనించండి. "హోటల్‌లో 1,300, ఇంట్లో 290. వెయ్యి మిగిలింది!" అనడం సరికాదు. 1,300 ఒక పొట్లం మొత్తానికి సంబంధించినది, 290 మన వంటకంలో నాలుగో వంతుకు సంబంధించినది. వడ్డించిన పరిమాణాలు వేరైనప్పుడు అంకెలను నేరుగా పోల్చకూడదు. మన వంటకంలో సగం ఒక్కరే తిన్నారనుకోండి. శక్తి 575 కిలోకాలరీలు, సోడియం 1,200 మి.గ్రా. అవుతాయి. మంచి ఆకలిమీద ఉన్న మనిషి అలా తిన్నా హోటల్ పొట్లంలో సగంకంటే తక్కువే. కాని రక్తపోటు ఉన్నవారికి 1,200 మి.గ్రా. చిన్న మొత్తం కాదు, రోజు పరిమితిలో సగానికి పైనే. 'తేలిక' అన్న పేరు చూసి రెట్టింపు వడ్డించుకుంటే, తగ్గించిన ప్రయోజనంలో చాలాభాగం పోతుంది.

ఇంటివంటకు ఉన్న అసలు మేలు అంకె చిన్నది కావడమే కాదు, అంకె తెలియడం. ఆరు టీస్పూన్ల నూనె పోస్తే అంతకుమించి ఒక చుక్క కూడా కడుపులోకి పోదు.

చేసి చూడండి: ఇంట్లో బజ్జీలు గాని పకోడీలు గాని వేయించే రోజున, వేయించడానికి ముందు నూనెను కొలవండి. పని అయి, నూనె చల్లారాక మళ్లీ కొలవండి. తేడాను గ్రాముల్లోకి మార్చి 9తో గుణించండి. వచ్చిన అంకెను తిన్నవారి సంఖ్యతో భాగించి నోటుపుస్తకంలో రాసుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - II

3. ముక్కలను బాండీలో కిక్కిరిసి వేస్తే ఏమవుతుంది?
4. 290, 1,300 అనే అంకెలను నేరుగా ఎందుకు పోల్చకూడదు?

9.7 సారాంశం

జనరల్ త్సో చికెన్ తైవాన్‌లో పుల్లని, కారపు వంటకంగా పుట్టి, న్యూయార్క్‌లో తీపిని, మందపాటి పూతను సంతరించుకొంది. దాని బరువుకు నూనె, చక్కెర, సోడియం కారణాలు. పలుచని పూత, కొద్ది నూనెలో కాల్చడం, గంజిపొడితో చిక్కదనం, చివర్లో వెనిగర్ అనే మార్పులతో వాటిని తగ్గించవచ్చు. మిరపకాయ, అల్లం, వెల్లుల్లి, పులుపులను మాత్రం తగ్గించకూడదు. మన వీధుల్లోని ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద దొరికే మంచూరియా, చిల్లీ చికెన్‌లకు కూడా ఈ సూత్రాలే వర్తిస్తాయి.

9.8 కీలక పదాలు

కిలోకాలరీ: ఆహారం ఇచ్చే శక్తిని కొలిచే ప్రమాణం.
సోడియం: ఉప్పులోని ఒక మూలకం. 5 గ్రాముల ఉప్పులో సుమారు 2,000 మి.గ్రా. ఉంటుంది.
పైపూత: వేయించడానికి ముందు ముక్కలకు పట్టించే పిండి మిశ్రమం.
వడ్డన పరిమాణం: ఒక మనిషి ఒకసారి తినే మొత్తం.

9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి - సమాధానాలు

1. పెంగ్ చాంగ్-క్వే, తైవాన్‌లో.
2. ముక్కను నూనెలోంచి తీసిన తరవాత, చల్లబడే సమయంలో.
3. నీరు ఊరి, ఉపరితలం వేడి 100 డిగ్రీల దగ్గర ఆగి, ముక్కలు ఎర్రబడక ఉడుకుతాయి.
4. వాటి వడ్డన పరిమాణాలు వేరు కాబట్టి.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ముంచి వేయించిన వంటకంలో శక్తి ఎక్కువగా ఉండటానికి కారణాలను వివరించి, తగ్గించే మార్గాలు తెలపండి.
2. మీ ఇంట్లో తరచుగా వండే ఒక వేపుడును ఎంచుకొని, దాన్ని తేలిక చేసే విధానాన్ని పోషక విలువల లెక్కతో సహా రాయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జనరల్ త్సో చికెన్ రుచిలో వచ్చిన మార్పులు.
2. సాస్‌లో కార్న్‌ఫ్లోర్, వెనిగర్‌ల పాత్ర.